ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

ఐఐటీల వంటి సంస్థల్లో సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి కొందరు పిల్లలు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు నన్ను ఏటా ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. ఐఐటీలో చదువు చాలా కష్టమంటారు, నిజమేనా అని. నిజమే. అయితే ఆ కష్టం ఎలాంటిదో చెప్పకుండా నిజమేనని ఊరుకుంటే వినేవారికి భయం తప్ప మరేమీ మిగలదు. సిలబస్ పెద్దదనీ, నిద్ర ఉండదనీ చాలామంది అనుకుంటారు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్లలో కూర్చున్న మన పిల్లలకు పెద్ద సిలబస్ గానీ, నిద్ర లేకపోవడం గానీ కొత్త కాదు. అక్కడ వారికి కొత్తగా ఎదురయ్యేది వేరొకటి ఉంది: రాసిన ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవలసి రావడం. మద్రాసు ఐఐటీలో సివిల్ ఇంజినీరింగ్ చదివిన అనుభవంతో దాని గురించి వివరంగా రాయాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. కనిగిరి రిజర్వాయరు కింద మాకు కొద్దిపాటి మాగాణి ఉంది. మా ప్రాంతం వారికి మద్రాసు పరాయి ఊరు కాదు. ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా నెల్లూరులో రైలెక్కి మూడు గంటల్లో అక్కడ దిగడం మా పెద్దలకు అలవాటే. అయినా ఆ సంస్థ గేటు దాటి లోపలికి వెళ్తే అది వేరే లోకం. 1959లో పశ్చిమ జర్మనీ సహకారంతో, గిండీ అడవిని ఆనుకుని దాన్ని స్థాపించారు. ఇప్పటికీ మర్రిచెట్ల కింద చుక్కల జింకలు, కృష్ణజింకలు తిరుగుతుంటాయి. హాస్టళ్లకు నదుల పేర్లు పెట్టారు. అక్కడి ప్రశాంతత చూసి చదువు కూడా నెమ్మదిగా సాగుతుందని ఎవరైనా అనుకుంటే, సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, అంటే మొదటి క్విజ్, దాకా కూడా ఆ నమ్మకం నిలవదు.

ఇంటర్మీడియట్‌లో మనం నేర్చుకునేది సమాధానం దగ్గరికి వేగంగా చేరడం. ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో రెండింటిని యూనిట్లు చూసి కొట్టివేయవచ్చు, మూడోదాన్ని సున్నా ప్రతిక్షేపించి తీసివేయవచ్చు, మిగిలినదే జవాబు. ఆ శిక్షణను తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ఆ వేగం, ఆ క్రమశిక్షణ లేకపోతే మావంటి పల్లెల పిల్లలకు సీటే వచ్చేది కాదు. కానీ జవాబు దొరికిన చోట ఆ శిక్షణ ఆగిపోతుంది, విశ్వవిద్యాలయంలో చదువు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. జవాబుపత్రంలో చివరి అంకె సరిగ్గా ఉండి, అది ఎలా వచ్చిందో రాయకపోతే పది మార్కుల ప్రశ్నకు ఒకటో రెండో పడతాయి. ఏ ఊహలు తీసుకున్నదీ, ఏ సూత్రం ఎందుకు వర్తిస్తుందో స్పష్టంగా రాసి చివరి గుణకారంలో పొరబడినవారికి ఎనిమిది పడతాయి. మొదటి సెమిస్టర్‌లో ఇది అన్యాయమని వాదించేవారు మా క్లాసులో చాలామందే ఉండేవారు.

మొదటి సంవత్సరం గణితం ట్యుటోరియల్‌లో మాకు ఎదురైన ఒక ప్రశ్ననే తీసుకుందాం. ఒకటి, అందులో అర, ఒకటిలో మూడో వంతు, నాలుగో వంతు, ఇలా కూడుతూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా? ఆగదని, ఆ శ్రేణి అపసరిస్తుందని క్లాసులో అందరికీ తెలుసు. దానికి సంబంధించిన పరీక్ష పేరు కూడా చెప్పగలరు. కూడే సంఖ్యలు సున్నాకు దగ్గరవుతూ ఉన్నప్పుడు మొత్తం ఎందుకు ఆగదో, ఏ పరీక్ష పేరూ ఎత్తకుండా, ఆరో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా బోర్డు మీద రాయమన్నప్పుడు మాత్రం గది నిశ్శబ్దమైపోయింది. నిజానికి అది రెండు పంక్తుల పని. మూడో వంతు, నాలుగో వంతు కలిస్తే అర కంటే ఎక్కువ. ఐదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా ఉన్న నాలుగూ కలిస్తే మళ్లీ అర కంటే ఎక్కువ. తర్వాతి ఎనిమిదీ అంతే. ఇలా అరలు కలుస్తూనే ఉంటాయి కనుక మొత్తానికి హద్దు లేదు. పద్నాలుగో శతాబ్దం నుంచీ తెలిసిన ఈ వాదనను ఆ రోజు గంటసేపు తంటాలు పడి మేమే కనుక్కున్నాం. పాఠం చెప్పినాయన మధ్యలో ఒక్క మాట సాయం చేయలేదు. ఆ గంట వృథా అయిందని అప్పట్లో కొందరు అన్నారు. ఆ సెమిస్టర్ మొత్తంలో అంత విలువైన గంట మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక రోజువారీ క్రమం సంగతి. ప్రతి కోర్సుకూ వారానికి ఎన్ని లెక్చర్లు, ఎన్ని ట్యుటోరియల్స్, ఎన్ని ప్రాక్టికల్ గంటలు అన్నది ముందే నిర్ణయించి ఉంటుంది. సెమిస్టర్‌కు ఐదారు కోర్సులు, వాటితోపాటు ల్యాబ్‌లు. మేము చదివిన రోజుల్లో కోర్సుకు సాధారణంగా రెండు క్విజ్‌లు, ఒక ఎండ్ సెమ్ పరీక్ష, మధ్యలో అసైన్‌మెంట్లు ఉండేవి. హాజరు 85 శాతానికి తగ్గితే ఆ కోర్సు పరీక్ష రాయనివ్వరు. ఇంటర్‌లో ఒక అధ్యాయానికి మూడు వారాలు కేటాయించి, నాలుగుసార్లు పునశ్చరణ చేయించే పద్ధతికి అలవాటుపడినవారికి అక్కడ ఒక అధ్యాయం వారంలో ముగిసిపోవడం, దాన్ని మళ్లీ ఎవరూ తిరగేయించకపోవడం పెద్ద దెబ్బ. ఏ వారం పాఠం ఆ వారమే అర్థం చేసుకోకపోతే తర్వాతి పాఠం దాని మీదే కట్టి ఉంటుంది కనుక వెనుకబాటు వేగంగా పెరుగుతుంది. వారాంతంలో కొంత సమయాన్ని అసైన్‌మెంట్లకు కాకుండా, అర్థం కాని పాత పాఠానికే కేటాయించుకున్నవారు చివరిదాకా నిలబడటం నేను చూశాను.

కానీ నన్ను నిజంగా మార్చినది మూడో సంవత్సరంలో వచ్చిన హైడ్రాలిక్స్ కోర్సు. కాలువలో నీటి వేగాన్ని లెక్కకట్టడానికి ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రాన్ని ప్రపంచమంతా వాడుతుంది. అందులో మూడు విషయాలు ఉంటాయి. కాలువ వాలు ఒకటి. నీటి అడ్డుకోత వైశాల్యాన్ని నీరు తాకే అంచు పొడవుతో భాగిస్తే వచ్చే హైడ్రాలిక్ రేడియస్ రెండోది. కాలువ ఎంత గరుకుగా ఉందో చెప్పే 'ఎన్' అనే అంకె మూడోది. ఒకటిని 'ఎన్'తో భాగించి, దాన్ని హైడ్రాలిక్ రేడియస్ మూడింట రెండు వంతుల ఘాతంతోనూ, వాలు వర్గమూలంతోనూ గుణిస్తే వేగం వస్తుంది. మొదటి రెండూ కొలిచి తెలుసుకోవచ్చు. మూడోదాన్ని నేరుగా కొలిచే సాధనం లేదు. అనుభవంతో, పాత కొలతలతో, పట్టికలతో పోల్చి ఎంచుకోవాలి. కాంక్రీటు లైనింగుకు 0.015 దగ్గర, శుభ్రంగా ఉన్న మట్టికాలువకు 0.025 దగ్గర, గడ్డీ కలుపూ పెరిగిన కాలువకు 0.05 లేక ఇంకా ఎక్కువ అని పట్టికలు చెబుతాయి.

లెక్క సులువుగా ఉండేందుకు నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు నీరు ఉన్న దీర్ఘచతురస్రపు కాలువను ఊహించండి. వైశాల్యం 8 చదరపు మీటర్లు, నీరు తాకే అంచు 8 మీటర్లు, హైడ్రాలిక్ రేడియస్ సరిగ్గా ఒక మీటరు. వాలు పది కిలోమీటర్లకు ఒక మీటరు. శుభ్రమైన మట్టికాలువగా తీసుకుంటే నీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు, ప్రవాహం 3.2 ఘనపు మీటర్లు, అంటే సుమారు 113 క్యూసెక్కులు. లైనింగు చేస్తే అదే కాలువ 188 క్యూసెక్కులు మోస్తుంది. గుర్రపుడెక్క, తుంగ పెరిగితే అదే లోతుకు 56 క్యూసెక్కులే పోతాయి, సరిగ్గా సగం. పాత ప్రవాహమే కావాలంటే నీటిమట్టం పెరగాలి, పెరిగితే కట్ట పొర్లుతుంది. కాలువలో డెక్క తీయకుండా తూము ఎంత ఎత్తినా చివరి పొలానికి నీళ్లు రావని మా నాయన కాలువకు నీళ్లు వదిలే సిబ్బంది అయిన లస్కర్లతో ప్రతి సీజనులో వాదించడం నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. ఆయన మాట ఎంతవరకు నిజమో అంకెల్లో చూసిన ఆ సాయంత్రం నా మనసులో కలిగిన సంతోషాన్ని ఈనాటికీ మాటల్లో సరిగ్గా చెప్పలేను.

పాఠం అక్కడితో ఆగలేదు. ఆ కోర్సు క్విజ్‌లో వచ్చిన ప్రశ్న ఇది. ఇదే సూత్రాన్ని అడుగుల్లో రాసినప్పుడు పైన ఒకటికి బదులు 1.49 ఎందుకు వస్తుంది? సూత్రాన్ని కంఠస్థం చేసినవారి దగ్గర దీనికి జవాబు ఉండదు. వేగంలో పొడవు ఒకసారి, హైడ్రాలిక్ రేడియస్‌లో మూడింట రెండు వంతుల ఘాతంగా వస్తుంది కనుక మీటరు నుంచి అడుగుకు మారినప్పుడు మూడింట ఒక వంతు ఘాతం మిగిలిపోతుందని, 3.281కి ఘనమూలం 1.486 అని గ్రహించాలి. మన జిల్లాల్లోని పాత నీటిపారుదల డిజైన్లన్నీ అడుగుల్లో, క్యూసెక్కుల్లో ఉంటాయి కనుక ఉద్యోగంలో ఇది రోజూ అవసరమయ్యే విషయమే.

మరో అసైన్‌మెంట్ మద్రాసుకు తాగునీరిచ్చే తెలుగుగంగ ప్రాజెక్టు మీద. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు వెలుగోడు, బ్రహ్మంగారి మఠం మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, చివరికి తమిళనాడులోని పూండికి చేరతాయి. 1983లో ఒప్పందం కుదిరి, 1996లో నీళ్లు మొదటిసారి పూండికి చేరాయి. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68 టీఎంసీలు. ఏడాదికి 15 టీఎంసీలను ఏడాది పొడవునా సమంగా వదిలితే ఎన్ని క్యూసెక్కులవుతుందన్నది మొదటి ప్రశ్న. సంవత్సరంలోని సెకన్లతో భాగిస్తే సుమారు 475 వస్తుంది. అయినా కాలువను అంతకంటే పెద్దదిగా ఎందుకు కట్టాలి, 15లో 3 టీఎంసీలను ఇంకుడుకూ ఆవిరికీ మినహాయించి సరిహద్దు దగ్గర 12 టీఎంసీలే ఎందుకు లెక్కిస్తారు అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఇంకుడు అంకె ఏ ఊహ మీద ఆధారపడింది, నేల మారితే అది ఎంత మారుతుంది అని నిలదీసినప్పుడు, పత్రికలో రోజూ చదివే టీఎంసీల వార్త వెనుక ఎంత అనిశ్చితి దాగి ఉందో మాకు మొదటిసారి తెలిసింది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు, ఇక వందేళ్ల దాకా ఇంత వరద రాదని మా ఊళ్లో పెద్దలు ధైర్యం చెప్పుకున్నారు. హైడ్రాలజీ క్లాసులో ఈ అపోహను మొదటి వారమే తీసివేస్తారు. వందేళ్ల వరద అంటే ఏ సంవత్సరమైనా అది రావడానికి ఒక శాతం అవకాశం ఉందని మాత్రమే అర్థం. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడు ఆ అవకాశం తగ్గదు. ముప్పై ఏళ్ల కాలంలో కనీసం ఒకసారి రావడానికి 26 శాతం అవకాశం ఉంటుంది. ఇల్లు కట్టుకునేవారందరికీ ఈ లెక్క తెలిస్తే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

సర్వేయింగ్ ల్యాబ్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆ విద్యకు మద్రాసు పుట్టిల్లు వంటిది. 1794లో సెయింట్ జార్జి కోట దగ్గర మొదలైన సర్వే పాఠశాలే తర్వాత గిండీ ఇంజినీరింగ్ కళాశాల అయింది. 1802లో విలియం లాంబ్టన్ పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచి దేశమంతటి త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. మాకు ఇచ్చిన పని అంత ఘనమైనది కాదు. ఒక బిందువు దగ్గర మొదలుపెట్టి, లెవెల్ పరికరంతో చుట్టూ ఎత్తులు కొలుచుకుంటూ మళ్లీ అదే బిందువుకు రావాలి. ఎత్తుల తేడా సున్నా రావాలి గానీ ఎన్నడూ రాదు. కచ్చితమైన లెవెలింగ్‌లో కిలోమీటర్ల వర్గమూలాన్ని 12 మిల్లీమీటర్లతో గుణిస్తే వచ్చేంత తేడాను అంగీకరిస్తారు. అంటే నాలుగు కిలోమీటర్ల చుట్టుకు 24 మిల్లీమీటర్లు. అంతకు మించితే ఎండలో మళ్లీ మొదటి నుంచి. ఫీల్డ్ బుక్కులో రబ్బరు వాడకూడదు. తప్పు రాసిన అంకె మీద ఒకే గీత గీసి, అది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాయాలి. తేడా సరిగ్గా సున్నా వచ్చిందని చూపించిన జట్టును అందరికంటే ఎక్కువసేపు ప్రశ్నించేవారు. ఇంజినీరుకు ఉండవలసిన నిజాయితీని ఉపన్యాసాలతో కాక ఒక నోటు పుస్తకం నియమంతో నేర్పే ఈ పద్ధతి మీద నాకు అపారమైన గౌరవం.

గ్రేడ్ల విషయంలో తల్లిదండ్రులకు చాలా అపోహలున్నాయి కనుక సంక్షిప్తంగా చెబుతాను. మద్రాసు ఐఐటీలో ఎస్ అంటే 10, ఏ 9, బి 8, సి 7, డి 6, ఈ అంటే 4, యు వస్తే తప్పినట్టు, హాజరు చాలకపోతే డబ్ల్యూ. చాలా కోర్సుల్లో క్లాసు మొత్తం మార్కులు ఎలా ఉన్నాయో చూసి గ్రేడ్ల సరిహద్దులు నిర్ణయిస్తారు. జిల్లాలో మొదటి స్థానంలో నిలిచినవారే అందరూ ఉన్న గదిలో సగం మంది కింది సగంలో ఉండక తప్పదు. పదో తరగతి నుంచి ఎప్పుడూ 90కి తగ్గని బిడ్డకు 45 మార్కులు వచ్చి, దానికి బి గ్రేడ్ వస్తే ఇంట్లో శోకం మొదలవుతుంది. ఆ 45 క్లాసు సగటు కంటే ఎక్కువై ఉండవచ్చునని ఇంట్లోవారికి తెలియాలి. ఇలాంటి గ్రేడింగ్‌లో నాకు నచ్చని సంగతి ఒకటుంది. పక్కవాడి మార్కు తన గ్రేడును తగ్గిస్తుందన్న భయంతో నోట్సు దాచుకునే స్వభావం కొందరిలో పుడుతుంది, అది ఎక్కడ చదివినా పుట్టగలదు. మా హాస్టల్ వింగ్‌లో మాత్రం క్విజ్ ముందురోజు రాత్రి ఎవరికి ఏది బాగా వస్తే వారు దాన్ని మిగిలినవారికి బోర్డు మీద చెప్పేవారు. చెప్పినవారికే ఎక్కువ లాభం కలగడం మేమందరం గమనించాం. అసైన్‌మెంట్ గురించి కలిసి చర్చించడం వేరు, కాపీ కొట్టడం వేరు. చర్చ అయ్యాక గదికి వెళ్లి కాగితం చూడకుండా సొంతంగా రాయగలిగితేనే ఆ పాఠం మనదైనట్టు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి సెమిస్టర్‌లో భాష అడ్డొస్తుంది. లెక్చరర్ మాట అర్థమయ్యేలోపు ఆయన తర్వాతి పంక్తికి వెళ్లిపోతాడు. దీనికి నేను చూసిన మందు ఒకటే. పాఠం చెప్పబోయే భాగాన్ని ముందురోజు పుస్తకంలో ఒకసారి చదువుకుని వెళ్లడం. పదాలు ముందే పరిచయమై ఉంటే క్లాసులో చెవి విషయం మీద నిలుస్తుంది. మాట్లాడడానికి సంకోచించేవారు లెక్చరర్ గదికి వెళ్లి ఒక్కరే ఉన్నప్పుడు అడగవచ్చు. అలా వెళ్లే విద్యార్థులు తక్కువ కనుక చాలామంది అధ్యాపకులు ఎంతో ఓపికగా చెబుతారు. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు చేర్చుకునే మన ట్రిపుల్ ఐటీలకు వెళ్లే పల్లె పిల్లలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. వారు ఈ అడ్డంకిని ఇంకా చిన్న వయసులోనే ఎదుర్కొంటారు కనుక ఇంకా ఎక్కువ ఆసరా అవసరం.

ఈ ఏడు చేరబోతున్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్ ఉంటారు. మన పిల్లలు సాధారణంగా ఆయన దగ్గరికి సంతకం కోసం తప్ప వెళ్లరు. కోర్సుల భారం ఎక్కువైందనిపించినా, ఒక పాఠం మొదటి నుంచీ అందకపోయినా, ఇంటి దగ్గర ఇబ్బంది వల్ల చదువు సాగకపోయినా, మొదటి క్విజ్ మార్కులు చూడగానే ఆయనను కలవాలి. ఆ సమయంలో కోర్సు తగ్గించుకోవడానికో, ట్యుటోరియల్‌లో అదనపు సాయం పొందడానికో దారి దొరికే అవకాశం ఎక్కువ. ఎండ్ సెమ్ వారంలో వెళ్తే ఆయన చేయగలిగింది చాలా తక్కువ.